ఇనుప టోపీ కింద ముఖం

మా కోడలు ఒక మగవాడి ముఖం తయారు చేస్తుంటే నా కళ్ళతో నేను చూశాను.

మధ్యాహ్నం గిన్నెలు కడిగి, చెంబుతో నీళ్ళు తీసుకుని వస్తున్నాను. ఆమె గది తలుపు ఓరగా ఉంది. ఆఫీసు ల్యాప్‌టాప్ మూసిపెట్టి, మావాడు పెళ్ళికి ముందు కొనుక్కున్న పెద్ద కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర నిండా ఆ బొమ్మ మగవాడే. నడుముకు కత్తి, భుజాలు తలుపంత వెడల్పు. ముక్కు లావు, మీసం గుబురు, ఎడమ కనుబొమ్మ నడిమిట్లో తెగి గాటు. తెర పక్కన గీతలున్నాయి, ఒక్కో గీత మీద ఒక పూస. పూసను ఇటు జరిపితే ముక్కు సన్నబడుతోంది, అటు జరిపితే లావవుతోంది. వాణ్ణి అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. పెళ్ళిచూపుల్లో ఆడపిల్లను కూడా అంత తిప్పి చూడరు.

చెవులకు డబ్బాల్లాంటివి పెట్టుకుని ఎవరో స్నేహితురాలితో మాట్లాడుతోంది.

“ఆగవే, జర దవడ సరిజెయ్యాలె. నిన్నట్నుంచి గీ ముఖం కాడనే ఉన్న. ముఖం కుదరకుంటె నాకు ఆడబుద్ధి గాదు.”

“ఎవడే వాడు?” అన్నాను.

ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటును నేను మనసులో మూటగట్టుకున్నాను.

“ఆట అత్తమ్మా.”

“ఆటల మీసాలెందుకే?”

“గీయన నేనే. గీ ఆటల మనం ఒక మనిషి అయితం. ఊర్లు తిరుగుతం, మందాకులు ఏరుతం, దొంగల్ని కొడతం. ముందుగాల ముఖం జేసుకోవాలె.”

“నువ్వు ఆడిదానివి. నీ ముఖం నీకున్నది. మగోడెందుకు?”

నవ్వి తెర మార్చేసింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నిజం చెప్పే మనిషికి కోపం వస్తుంది, నవ్వు రాదు. దొంగముఖంది అనుకున్నాను.

నాకు అనుమానం ఎక్కువని నాచారంలో మా గల్లీ అంతా అంటారు. అననీ. మా ఆయన ఇక్కడి పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసి, కొడుకు బడికి పోయే వయసులోనే పోయాడు. నేను హాస్టళ్ళలో వంట చేసి వాణ్ణి చదివించాను. మగదిక్కు లేని ఇంటికి అనుమానమే గొళ్ళెం. పాలలో నీళ్ళెన్ని, గ్యాస్ బండ తూకం సరిగా ఉందా, ఇంటి ఓనరు ఇవాళ నవ్వుతూ ఎందుకు పలకరించాడు, ఇవన్నీ అనుమానిస్తూనే ఇంత దూరం వచ్చాను. మావాడు ఇప్పుడు మందుల కంపెనీ ల్యాబులో షిఫ్టులు చేస్తాడు. కోడలిది ఉప్పల్‌లో ఒక కంపెనీ ఉద్యోగం, చాలా రోజులు ఇంటి నుంచే. మావాడు డ్యూటీకి పోతే ఇంట్లో మిగిలేది నేను, ఆమె. ఇప్పుడు ఆ మీసాలవాడు.

అంత శ్రద్ధగా ముక్కు దిద్దుతోందంటే ఆ ముక్కు ఎవరో ఒకరిది అయి ఉండాలి. లేని ముఖాన్ని ఎవరూ పుట్టించలేరు. ఇదీ నా లెక్క.

వెతకడం మొదలుపెట్టాను. పాలాయనకు మీసమే లేదు. కేబులాయనది చిలక ముక్కు. కింది పోర్షన్‌లో అద్దెకున్న డ్రైవరుకు ముక్కూ మీసమూ కలిశాయి గానీ కనుబొమ్మలు గొంగళిపురుగుల్లా నిండుగా ఉన్నాయి. ఎదురొచ్చిన ప్రతి మగవాడి ముఖంలోకీ అట్లా దూరి చూస్తుంటే, కూరగాయల బండి ఆయన ఒకనాడు అడగనే అడిగాడు.

“ఏందక్కా, నా మొకం మీద ధర రాసున్నదా?”

“నీ మొకానికి ధర గూడనా? ముందు వంకాయలు పుచ్చు లేకుంట తే” అని వచ్చేశాను.

మా గల్లీ మలుపులో ఇస్త్రీ బండి ఉంటుంది. ఆయన చేత ఏళ్ళ తరబడి బట్టలు చేయించుకుంటున్నాం. ఎప్పుడూ చేతులే చూశాను గానీ ముఖం చూసింది ఆ రోజే. లావు ముక్కు. గుబురు మీసం. ఎడమ కనుబొమ్మ తెగి ఉంది.

“నీ కనుబొమ్మ గట్లెట్ల తెగింది?”

“చిన్నప్పుడు బర్రె కొమ్ము తాకిందక్కా. ఎందుకు?”

“మా ఇంటి బట్టలు నీకెవరు తెచ్చిస్తరు?”

“మీ కోడలే.”

“ఏం మాట్లాడ్తది?”

“కాటన్ చీరెకు గంజి సరిగ పట్టలే అంటది. పెట్టె జర సల్లారనియ్యి అంటది.”

“గంతేనా?”

“ఇంకేం మాట్లాడ్తదక్కా, నాతోని రాజకీయాలు మాట్లాడ్తదా?”

నేను బట్టల మూట లాక్కున్నాను.

“అక్కా, ఆగు! గా అంగీకి ఒక చెయ్యే అయింది!” అని వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు. మర్నాడు మావాడు ఆ అంగీతోనే డ్యూటీకి పోయాడు, ఒక చెయ్యి కత్తిలా, ఒక చెయ్యి ముడతల్లో.

ఇట్లాంటి మాట మా వైపు ముందుగా కొడుకుతో అనరు. కొడుకు చెవిలో వేస్తే కోపంలో ఏం చేస్తాడో తెలియదు. పిల్ల వైపు పెద్దమనుషులను పిలిపించి, కూర్చోబెట్టి, వాళ్ళ ముందు పిల్లను అడుగుతారు. అందరి ముందు అడిగిన మాట మాత్రం మళ్ళీ నోట్లోకి రాదు. అది నిజమైనా, కాకపోయినా ఆ పిల్ల ఇక ఆ ఇంట్లో తలెత్తుకుని తిరగలేదు. అదంతా నాకు తెలుసు. తెలిసే ఫోన్ చేశాను. కోడలికి తండ్రి లేడు. తల్లి, పెదనాన్న జనగామ వైపు ఉంటారు.

“ఒదినె, ఆదివారం రాండ్రి. పిల్ల పెదనాయనను గూడ తోల్కరా.”

“ఏమైంది ఒదినె?”

“వచ్చినంక మాట్లాడుదాం.”

అని ఫోన్ పెట్టేశాను.

ఆ మధ్యలో మావాడికి ఒకరోజు సెలవు వచ్చింది. ముగ్గురం కూర్చుని తింటున్నాం. వాడు పెళ్ళాన్ని ఆట పట్టించడం మొదలుపెట్టాడు.

“అమ్మా, నీ కోడలు సంగతి సూసినవా? నేను ఆటల దిగి కోటలు గెలుస్తున్న. ఈమె ఇంక ముక్కు కాడనే ఉన్నది.”

“నీ బొమ్మ ఎట్లున్నది?” అంది కోడలు. “కంపెనోడు ఇచ్చిన ముఖమే ఏసుకొని తిరుగుతున్నవు. గా ముఖం ఆట ఆడేటోళ్ళల్ల సగం మందికున్నది. జాతరల తప్పిపోతే నిన్ను పట్టుడు గూడ కష్టం.”

“ముఖంతోని ఏం పని? కత్తి మంచిగుండాలె, కవచం మంచిగుండాలె. ఆటంత వీపే కనబడ్తది. పైకెల్లి ఇనుప టోపీ పెడ్తవు. గా టోపీ కింద నీ ముక్కు లావున్నదా, సన్నగున్నదా, ఎవడు సూస్తడు?”

“ఎవరు సూడకున్నా మంచిదే. టోపీ కింద ఎవరున్నరో నాకు తెలుస్తది గద.”

నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

“ఎవరున్నరు?” అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. “ఏంది అత్తమ్మా?”

“ఏం లేదు. పప్పు ఏసుకో.”

ఆదివారం దాకా ఆగాలనే అనుకున్నాను. శనివారం మావాడు డ్యూటీకి పోయాక నా కడుపులో ఆ మాట ఆగలేదు. కోడలు బట్టలు మడతపెడుతోంది. పోయి ఎదురుగా కూర్చున్నాను.

“గా ఇస్త్రీ ఆయన ముఖం నీ ఆటల ఎందుకున్నది?”

కాసేపు అర్థం కాలేదు ఆమెకు. అర్థమయ్యాక పగలబడి నవ్వింది. “ఇస్త్రీ ఆయనా! అత్తమ్మా, గాయనకు చెప్పకుండ్రి, బండి మీద ఫోటో పెట్టుకుంటడు!”

“నవ్వకు. మీ అమ్మను, పెదనాయనను పిలిచిన. రేపొస్తున్నరు.”

నవ్వు ఆగిపోయింది. చేతిలో చీర మడత జారింది.

“గీ ముచ్చట మీదనా?”

“గీ ముచ్చట మీదనే.”

“అత్తమ్మా, మా అమ్మ ముంగట మీరు గా మాటంటే, నేను ఈ ఇంట్ల ఎట్లుంట? మా అమ్మ ఊర్ల ఎట్లుంటది?”

“అయితే చెప్పు. గా గాటెవనిది?”

“నాది.”

“అబద్ధం. నీ ముఖం నేను రోజు సూస్తలేనా?”

“సూస్తున్నరు. కడిగినంక ఎప్పుడన్న సూసిన్రా?”

మాటలతో నమ్మే మనిషిని కాదు నేను. పక్కనే చెంబు ఉంది. కొంగు తడుపుకున్నాను. ఆమె గడ్డం పట్టుకుని, ఎడమ కనుబొమ్మ మీద ఆ తడి కొంగుతో రుద్దాను. గట్టిగానే రుద్దాను. కొంగుకు నలుపు అంటింది. ఇంకా రుద్దాను. కనుబొమ్మ నడుమ వెంట్రుకలు లేని తెల్లటి గాటు బయటపడింది. ఆమె నన్ను తోసేయలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, తల కొంచెం వెనక్కి పెట్టి, అయ్యేదాకా ఊరుకుంది.

అట్లా కళ్ళు మూసుకుని ఊరుకోవడం నాకు తెలుసు.

మా ఆయన పోయిన పదో రోజున నన్ను పీట మీద కూర్చోబెట్టారు. గాజులు తీశారు, మెట్టెలు తీశారు. మా బంధువుల్లో ఒక ముసలామె తడి కొంగుతో నా బొట్టు తుడిచింది. ఎరుపు పోయింది. కింద పచ్చబొట్టు ఉంది, నా పెళ్ళికి ముందు మా ఊరికి వచ్చిన పచ్చబొట్ల ఆమె నుదుటి మీద ఒకటి, గడ్డం మీద ఒకటి సూదితో పొడిచింది. ముసలామెకు కళ్ళు సరిగా ఆనవు. ఇంకా బొట్టు మిగిలిందనుకుని రుద్దుతూనే ఉంది. “గది పోదే, గది పచ్చబొట్టు” అని ఎవరో చెప్పేదాకా రుద్దింది. నా నుదురు మండిపోయింది. నేనూ తల వెనక్కి పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. నా ముఖం ఎట్లా ఉండాలో ఆ రోజు నన్ను ఎవరూ అడగలేదు.

కొంగు దించాను. నల్లమరకను చెంబు నీళ్ళతో పిండుకున్నాను.

“ఎట్లయింది?” అన్నాను.

“చిన్నప్పుడు బోరింగు పంపు పిడి కొట్టుకున్నది. పెద్దయినంక మొదటి సంబంధమోళ్ళు మొకం మీద గాటున్నదని వద్దన్నరు. గప్పట్నుంచి అమ్మ పెన్సిల్‌తోని దిద్దుడు సురూ జేసింది. మీరు సూడనీకి వచ్చిన నాడు గూడ అమ్మనే దిద్దింది.”

“మావానికి తెలుసా?”

“పెండ్లయిన తెల్లారే సూసిండు. ‘నాకేమన్న అడ్డమా’ అన్నడు.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“చెప్తె, ఇంకేం దాసిన్రు అని అడుగుతరని భయమైంది.”

అది నిజమే. అడిగేదాన్నే. అప్పుడు కూడా అడిగాను. “ఇంకేం దాసిన్రు?”

“ఇంకేం లేదు అత్తమ్మా.” కళ్ళలో నీళ్ళతోనే నవ్వింది.

“మరి మగోడెందుకు?”

“ముందుగాల ఆడమనిషినే జేసిన. గీ ఆటల నెట్ మీద వేరే ఊర్లకెల్లి ఆడే వేరేటోళ్ళు గూడ ఉంటరు గద. ఆట ఆడనియ్యరు. ఏ ఊరు, పెండ్లయిందా, ఫోటో పంపు అని ఒక్కటే ఎంబడి పడుడు. మీసం పెడితె ఒక్కడు గూడ అడగడు. గాటు మాత్రం తీసెయ్యబుద్ధి గాలే. బయట రోజు దిద్దుకుంట, ఆటలన్న నా లెక్క ఉండనియ్యి అనుకున్న.”

“ముక్కెవరిది?”

“నాదే. మగోనికి సరిపోవాలె గద, జర లావు జేసిన.”

నమ్మీ నమ్మకుండా కంప్యూటర్ పెట్టమన్నాను. తెర మీద వాణ్ణి నిలబెట్టి, పక్కన తన ముఖం పెట్టి చూపించింది. నేను వాణ్ణి చూశాను, ఆమెను చూశాను. పూసను వెనక్కి జరపమన్నాను. ముక్కు సన్నబడుతూ సన్నబడుతూ వచ్చి మా కోడలి ముక్కయి ఆగింది. మీసాల కింద ఇన్నాళ్ళూ ఆమే ఉంది. ఇస్త్రీ ఆయనకు పాపం దేనితోనూ సంబంధం లేదు.

“మీరు గూడ ఒక మనిషిని జేసుకుంటరా అత్తమ్మా?”

“ఇది ఎటు పోతది? ఎవరన్న సూస్తరా?”

“వేరేటోళ్ళు లేకుంట గూడ ఆడొచ్చు. మన ఇంట్లనే ఉంటది.”

“నువ్వు గట్లనే అంటవు” అన్నాను గానీ కుర్చీ లాక్కున్నాను.

ముసలి ముఖం పెట్టమంటే పెట్టింది. జుట్టు నెరిసింది గానీ నడుము గడకర్రలా నిలబడింది.

“గింత నిటారుగెందుకున్నది? మోకాళ్ళ నొప్పులకు పూస లేదా?”

“లేదు అత్తమ్మా.”

“మరేం ఆటనే ఇది.”

ఒంటి రంగు దగ్గర ఆమె చెయ్యి తెలుపు వైపు పోయింది. పట్టుకున్నాను. “తెల్లగ జెయ్యకు. నన్ను మోసం జెయ్యకు.” పూసను నేనే జరిపాను, నా చేతి పక్కన పెట్టి సరిపోయేదాకా జరిపాను. ఒక గీత దాటితే వెనక్కి తెచ్చాను. చెంపలు లోపలికి పోనిచ్చాను. గడ్డం కింద చర్మం వేలాడనిచ్చాను. ఎంత సేపయిందో తెలియదు, మధ్యలో పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. నిన్నటి దాకా ఆమెను తిట్టిన పని ఇప్పుడు నేనే చేస్తున్నాను. ఇది అబద్ధపు ముఖం, దీంతో ఏం పని అని తెలుసు. తెలిసినా ముక్కు కుదరకపోతే లేవబుద్ధి కాలేదు.

తర్వాత ముఖం మీద గుర్తులొచ్చాయి. పాములు, డేగలు, పులిచారలు. అన్నీ దాటిస్తే చిన్న చుక్క ఒకటి దొరికింది. దానికి పచ్చరంగు వేసి నుదుటి మీద పెట్టింది. గడ్డం మీద ఇంకొకటి పెట్టింది. తెరలోంచి నేనే నన్ను చూశాను.

ఆ వరసలోనే యుద్ధానికి పోయేవాళ్ళు పూసుకునే ఎర్రరంగు కూడా ఉంది. కోడలి చెయ్యి దాని మీద ఆగింది.

“ఎర్రది పెట్టాల్నా అత్తమ్మా?” మెల్లగా అడిగింది.

నేను వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాను.

“ముందు తలుపెయ్యి” అన్నాను. “ఏసినంక పెట్టు.”

ఆదివారం ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్. వరంగల్ రోడ్డు మీద వచ్చే బస్సులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వస్తామన్న వేళ దాటి చాలాసేపయ్యాక వియ్యపురాలు, పెదనాన్న మెట్లెక్కి వచ్చారు. ఆమె ముఖం పీక్కుపోయి ఉంది. దారంతా ఏడ్చినట్టుంది. ఆయన తెల్ల పంచె, భుజాన తువ్వాలు, పంచాయితీకి వచ్చిన మనిషి. అయితే ఒక చెంప మీద మూడు రంగుల జెండా పూసి ఉంది.

“కూసో అన్నా. గదేంది మొకం మీద?”

“ఏం చెప్పాలె చెల్లె! రింగు రోడ్డు కాడ జనంల ఇరుకున్న. ఎవడో వచ్చి వద్దువద్దంటుంటెనే బుర్రున పూసిండు.” తువ్వాలుతో తుడుచుకున్నాడు. రంగు ఇంకా పాకింది. “అది ఉండనియ్యి. మా పిల్ల ఏం తప్పు జేసింది? సాఫ్ చెప్పు.”

మావాడు ఏమీ తెలియక నన్నూ వాళ్ళనూ మార్చి మార్చి చూస్తున్నాడు. అప్పుడు కోడలు మంచినీళ్ళు తీసుకుని లోపలి నుంచి వచ్చింది. కనుబొమ్మ దిద్దుకోలేదు. గాటు గాటుగానే ఉంది.

తల్లి చూసి గభాలున లేచింది. నాకు అడ్డంగా నిలబడి, బిడ్డ ముఖం తన వైపు తిప్పుకుని, సంచిలో చెయ్యి పెట్టి పెన్సిల్ వెతుక్కుంటోంది. “ఏందే గిది, మొకం కడుక్కొని గట్లనే వస్తరా” అని గొణుగుతోంది. కోడలు తల్లి భుజం మీదుగా నన్నే చూస్తోంది. నేను ఏ మాట అంటానో అని చూస్తోంది.

“ఒదినె, పెన్సిల్ లోపల పెట్టు” అన్నాను. “నాకు తెల్సింది. పిల్లకు రోజు దిద్దుకునే బాధ తప్పిద్దామనే మిమ్ముల పిలిచిన. ఇగ దిద్దకుండ్రి.”

ముందుగా పెదనాన్నే తేరుకున్నాడు.

“గింతదానికా? గింతదానికా చెల్లె! ఫోన్ల చెప్తె కాదా? చెరుకు గానుగల పడ్డట్టు నలిగొచ్చిన గద!”

“ఫోన్ల చెప్తె నీ సోకు మొకం మాకు కనబడేదా అన్నా? కాళ్ళు కడుక్కోండ్రి, తలకాయ కూర వండిన.”

మావాడు ముందు నవ్వాడు, తర్వాత కోడలు నవ్వింది. వియ్యపురాలు మాత్రం నవ్వలేదు. అన్నం దగ్గర కూర్చుని కూడా నన్నే చూస్తోంది. చెయ్యి కడుక్కునేటప్పుడు పక్కకు వచ్చి అడిగింది.

“నిజంగ గందుకేనా ఒదినె?”

“గందుకే” అన్నాను. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ఆమె స్థానంలో నేనున్నా నమ్మను.

మర్నాడు బట్టల మూట నేనే ఇస్త్రీ బండికి తీసుకుపోయాను. “ఇయ్యాల రెండు చేతులు చెయ్యనిస్తవా అక్కా?” అన్నాడు. “జేసి చూపెట్టు” అని అక్కడే నిలబడ్డాను.

ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నది కోడలే. నా చదువు సంతకం దాకానే. దొంగముఖంది అని నేనన్న చోట అట్లాగే రాసిందో మార్చిందో అని, కాగితాలు పట్టుకుపోయి పక్కింటి టీచరమ్మతో చదివించుకున్నాను. అట్లాగే రాసింది.

బయట నా నుదుటి మీద పచ్చదే ఉంది. లోపల కంప్యూటర్‌లో ముసలామెకు రెండూ ఉన్నాయి. మావాడు సెలవు రోజున నా పక్కన కూర్చుని ఆమెను ఊళ్ళు తిప్పుతాడు. నాతో ఆకులు ఏరిస్తాడు. దొంగలుండే కొండల దగ్గరికి రాగానే ఆమె నుదురు మూసేటట్టు ఇనుప టోపీ తొడిగి మొదలుపెడతాడు.

“అమ్మా, ఇనుప టోపీ పెట్టాలె. లేకుంటె తలకాయ మీద కొడ్తరు, సస్తది.”

“సస్తె మళ్ళ లేస్తది గద?”

“లేస్తది గాని, మళ్ళ మొదట్నుంచి నడవాలె.”

“నడుస్తది. మోకాళ్ళ నొప్పులు లేవు గద ఆమెకు” అంటాను. “టోపీ తియ్యి.”